పేజ్‌మేకర్ పుస్తకాలున్న 500 జీబీ హార్డ్‌డిస్క్: ఇంట్లోనే డేటా తీసిన డైరీ

డిస్కు వివరాలు ముందు రాస్తాను. 3.5 అంగుళాల సాటా డిస్కు, 500 జీబీ, నిమిషానికి 7,200 చుట్లు. సీ, డీ అని రెండు డ్రైవులు. విండోస్ 7, పేజ్‌మేకర్ 7 (పుస్తకాల పేజీలు కూర్చే ప్రోగ్రాం), అను ఫాంట్లు (అందులో తెలుగు కొట్టే అక్షరాలు). విజయవాడ అరండల్‌పేటలో మా బాబాయి నడిపే డీటీపీ సెంటర్లోని పాత సీపీయూలోంచి తీసింది. అది పాడైపోయింది. పదిహేనేళ్లుగా ఆయన కంపోజ్ చేసిన పుస్తకాలు, శుభలేఖలు, గుడి సావనీర్లు, స్కూలు మ్యాగజైన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. అచ్చయిపోయినవాటి గురించి అంత బెంగ లేదు, పుస్తకం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. అచ్చుకు వెళ్లనిది ఒకటుంది. తెనాలి వైపు పల్లెలో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకరు ఊరూరా తిరిగి పోగుచేసిన సామెతల పుస్తకం, 312 పేజీలు. రెండు ప్రూఫులు అయ్యాయి, మూడో ప్రూఫ్ కాగితాలు మాస్టారి దగ్గరున్నాయి. కాగితం ఉంది కదా, మళ్లీ కొట్టుకోవచ్చు కదా అంటారేమో. మళ్లీ కొడితే మళ్లీ తప్పులు దొర్లుతాయి, మళ్లీ మూడు ప్రూఫులు చూడాలి. ఎనభై దాటిన ఆయన కళ్లకు ఆ పని పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇలాంటి డిస్కులు మన ఊళ్లో ప్రతి డీటీపీ సెంటర్లో, ప్రతి ఫొటో స్టూడియోలో ఉంటాయి. ఎవరికైనా అవసరం పడితే ఇదే వరసలో చేసుకోవడానికి పనికొస్తుందని, ఎక్కడ ఆగిపోయానో, ఏం మార్చానో రాసి పెడుతున్నాను.

దశ 1: కరెంటు ఇవ్వకముందు

కంప్యూటర్ ఆన్ చేస్తే విండోస్ గుర్తు దగ్గర ఆగిపోయేది. తర్వాత డిస్క్ చెకింగ్ తనంతట తానే మొదలై 11 శాతం దగ్గర నిలబడిపోయింది. "ఇంకోసారి ఆపి వేద్దామా?" అని బాబాయి ఫోన్ చేశాడు. "వద్దు బాబాయ్, వైరు పీకెయ్" అన్నాను.

ఎందుకంటే ఆ చెకింగ్ చేసే చెక్‌డిస్క్, ఫైల్ సిస్టమ్‌ను (ఏ ఫైలు ఎక్కడుందో రాసి ఉండే లెక్కను) సరిచేసే పనిముట్టు. డిస్కు బాగుండి లెక్కలు మాత్రమే తప్పినప్పుడు మంచిదే. డిస్కే చదవలేని స్థితిలో ఉంటే, అది చదవలేని ఫోల్డర్ల ఎంట్రీలను పాడైనవని కొట్టేస్తూ పోతుంది. "ఫార్మాట్ చేయమంటారా?" అని అడిగే కిటికీ కూడా అంతే, వద్దు అనే నొక్కాలి.

తర్వాత శబ్దం. డిస్కును చెవి దగ్గర పెట్టుకుని కొన్ని సెకన్లు మాత్రమే కరెంటు ఇచ్చి వినాలి.

1. టక్, టక్ అని ఒకే లయలో కొట్టుకుంటుంటే హెడ్డు (డేటా చదివే సూది లాంటిది) దెబ్బతిన్నట్టు. అక్కడితో ఆపాలి. ఇంట్లో చేసేదేమీ లేదు, ల్యాబుకు పంపాలి.
2. తిరగబోయి తిరగలేక మూలిగితే మోటారో, హెడ్డు ప్లాటరుకు (లోపల తిరిగే పళ్లేనికి) అతుక్కోవడమో. ఇదీ ల్యాబు పనే.
3. మామూలుగా తిరుగుతూ, చదివేటప్పుడు మాత్రం మధ్యమధ్య గరగరమని ఆగితే సెక్టార్లు (డేటా ఉండే చిన్న చిన్న గళ్లు) పాడవుతున్నట్టు. ఇది ఇంట్లో ప్రయత్నించవచ్చు.

మాది మూడోది.

ఫ్రీజర్‌లో పెట్టి తీయమని ఇద్దరు ముగ్గురు చెప్పారు. మన కృష్ణా తీరపు ఉక్కలో ఫ్రీజర్‌లోంచి తీసిన వస్తువు మీద నిమిషంలో చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ ప్లాటర్ల మీద పడితే ఉన్నదీ పోతుంది. మూత విప్పడం అంతకంటే ప్రమాదం. హెడ్డు ప్లాటరుకు కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంటుంది, గదిలో కంటికి కనపడని దుమ్ము కూడా దానికి బండరాయే.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్ వైపు ఎన్నో ఇళ్లలో సీపీయూలు నీళ్లలో మునిగాయి. మామూలు డిస్కుకు గాలి ఆడే సన్నటి రంధ్రం ఉంటుంది, హీలియం నింపి సీలు చేసినవాటికి తప్ప. అందులోంచి నీళ్లు లోపలికి పోతాయి. అలాంటి డిస్కును ఎండలో ఆరబెట్టి కరెంటు పెట్టడమే అన్నిటికంటే పెద్ద నష్టం, నీళ్లు ఆరినా ఒండ్రు ప్లాటరు మీదే ఎండిపోతుంది. ఆరనివ్వకుండా తడిగుడ్డ చుట్టి కవర్లో మూసి ల్యాబుకు ఇవ్వాలి. ఈ డైరీలోని పద్ధతి వాటికి పనికిరాదు.

దశ 2: స్మార్ట్ అంకెలు

సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్‌ను పెన్‌డ్రైవులో వేసి నా కంప్యూటర్‌ను దాంతో లేపాను. స్మార్ట్‌మాన్‌టూల్స్, డీడీరెస్క్యూ, టెస్ట్‌డిస్క్ అందులోనే ఉంటాయి. పైగా పెట్టిన డిస్కును తనంతట తాను తెరవదు, మనకు కావలసింది అదే.

స్మార్ట్ అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. దాన్ని చదివే స్మార్ట్‌కంట్రోల్ చూపిన అంకెల్లో పనికొచ్చేవి ఇవి:

5వ వరస, మార్చేసిన సెక్టార్లు: 48
197, చదవలేక పెండింగులో ఉన్నవి: 296
198, సరిచేయలేనివి: 296
199, కేబుల్ పొరపాట్లు: 0
నడిచిన గంటలు: 31 వేల పైచిలుకు
వేడి: 39 డిగ్రీలు

199 సున్నా ఉంది కాబట్టి కేబుల్ మీద అనుమానం అక్కర్లేదు. ఆ అంకె పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చి చూడాలి, సగం కేసులు అక్కడే తేలిపోతాయి. 197 అసలు జబ్బు. అయితే ఈ 296 అనేది డిస్కు ఇప్పటిదాకా తడబడి తెలుసుకున్న చోట్లు మాత్రమే. చదువుతూ పోయేకొద్దీ పెరుగుతుంది. చివరికి నా పని అయ్యేసరికి 10 వేలు దాటింది.

దశ 3: యూఎస్‌బీ ఎడాప్టర్‌తో మొదటి కాపీ, విఫలం

అన్నిటికంటే ముందు చేయాల్సింది డిస్కు మొత్తాన్ని సెక్టారు సెక్టారుగా ఇంకో డిస్కులోకి ఒక పెద్ద ఫైలుగా ఎత్తేయడం. దాన్నే ఇమేజ్ అంటారు. తర్వాత వెతుకులాటంతా ఇమేజ్ మీదే. రోగి డిస్కులోంచి "ఆ ఒక్క ఫోల్డర్ కాపీ చేద్దాం" అని పోతే, ఆ ఫోల్డర్లోని ఒక్క పాడైన ఫైలు దగ్గర గంటలు గడిచి, ఉన్న ఆయుష్షు అక్కడే అయిపోతుంది.

దీనికి వాడింది గ్నూ డీడీరెస్క్యూ. ఉబుంటులో ఎక్కించుకునేవాళ్లు ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ అని గుర్తుపెట్టుకోండి, దాదాపు ఇదే పేరుతో వేరే ప్రోగ్రాం ఇంకోటి ఉంది. ఇది తను చదివిన చోట్లు, వదిలేసిన చోట్లు, పాడైన చోట్లు అన్నీ ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. మధ్యలో ఆగినా ఆ మ్యాప్ చూసుకుని ఆగినచోట నుంచే మొదలుపెడుతుంది. కాబట్టి మ్యాప్ ఫైలు ఇమేజ్ పక్కనే, బాగున్న డిస్కు మీద ఉండాలి. పెన్‌డ్రైవు లైనక్స్‌లోని హోమ్ ఫోల్డర్ ర్యామ్‌లో ఉంటుంది, కరెంటు పోతే మ్యాప్ కూడా పోతుంది.

ఇమేజ్ పెట్టడానికి ఖాళీ 2 టీబీ డిస్కు వాడాను. 500 జీబీకి 1 టీబీ చాలదా అంటే, ఇమేజ్‌కు ఇంకో కాపీ, దాంతోపాటు బయటికి తీసిన ఫైళ్లు కూడా పెట్టాలి. రెండు రెట్లకు పైనే చోటు కావాలి.

మొదట చేతిలో ఉన్న యూఎస్‌బీ సాటా ఎడాప్టర్ తగిలించాను. బాగానే పోతూ పోతూ పాడైన మొదటి గుంపు దగ్గర డిస్కు మాయమైంది. కాసేపటికి వేరే పేరుతో మళ్లీ కనపడింది. ఇలా ఎందుకంటే, పాడైన సెక్టారును డిస్కు మళ్లీ మళ్లీ చదవబోతూ చాలాసేపు పలకదు. ఆ మౌనాన్ని ఎడాప్టర్‌లోని చిప్పు తట్టుకోలేక లైను తెంపి మళ్లీ కలుపుకుంటుంది. ప్రతి గుంపు దగ్గరా ఇదే వరస.

ఇప్పటిదాకా: వచ్చింది 41.7 జీబీ. మిగిలింది 458.4 జీబీ.

దశ 4: నేరుగా మదర్‌బోర్డుకు

ఎడాప్టర్ పక్కనపెట్టి డిస్కును నా సీపీయూ మదర్‌బోర్డు సాటా పోర్టుకే తగిలించాను. మార్చినవి వరసగా:

1. పేరు కాదు, సీరియల్ నంబరు చూసి ఏది పాత డిస్కో ఏది కొత్తదో కాగితం మీద రాసుకున్నాను. పోర్టు మారితే లైనక్స్ డిస్కుకు ఇచ్చే పేరు ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అవుతుంది. మూలం, గమ్యం తారుమారైతే ఇక చేసేదేమీ ఉండదు.
2. బ్లాక్‌డెవ్ అనే ఆదేశంతో పాత డిస్కును రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) చేశాను.
3. లైనక్స్ మామూలుగా 30 సెకన్లు చూసి డిస్కు పలకలేదని లైను రీసెట్ చేస్తుంది. ఆ గడువును 180కి పెంచాను.
4. ఒక్కో సెక్టారు మీద 7 సెకన్లకు మించి తంటాలు పడొద్దని డిస్కుకు చెప్పే సెట్టింగు ఒకటి ఉంటుంది. స్మార్ట్‌కంట్రోల్‌తో పెట్టి చూశాను, ఈ డిస్కు ఒప్పుకోలేదు. మామూలు డెస్క్‌టాప్ డిస్కులు చాలావరకు ఒప్పుకోవు.
5. డీడీరెస్క్యూకు మైనస్ డి, మైనస్ ఎన్ ఇచ్చాను. డి అంటే మధ్యలో లైనక్స్ కాష్ లేకుండా నేరుగా చదవడం. ఎన్ అంటే పాడైన చోట ఒక్కో సెక్టారునూ గీకుతూ కూర్చోకుండా దాటిపోవడం.

ఆ ఎన్ చాలా ముఖ్యం. తేలిగ్గా వచ్చేదంతా ముందు తెచ్చేసుకోవాలి, కష్టమైనది తర్వాత.

పని సాఫీగా మొదలైంది కానీ వేడి పట్టుకుంది. మధ్యాహ్నం సీపీయూ పక్క మూత తీసి ఉన్నా డిస్కు 53 డిగ్రీలకు పోయింది. డెస్క్‌టాప్ డిస్కులకు సాధారణంగా చెప్పే గరిష్ఠం 60. ఆపి, స్టూలు మీద టేబుల్ ఫ్యాను పెట్టి గాలి నేరుగా డిస్కు మీదికి తిప్పాను. 41కి దిగింది. ఫ్యానును అదే టేబుల్ మీద పెట్టకండి, అదురు డిస్కుకు తగులుతుంది. వేగంలో కూడా తేడా కనపడింది. 50 పైన ఉన్నప్పుడు తడబడిన కొన్ని చోట్లు చల్లబడ్డాక మామూలుగా చదివింది.

రెండోది కరెంటు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అనుకుంటే కరెంటు పోయిన క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అయింది. ఇన్వర్టర్ వెనకాల ఒక స్విచ్చి ఉంటుంది, యూపీఎస్ మోడ్ అని ఒకవైపు, ఎకో అనో వైడ్ అనో రెండోవైపు. ఎకోలో ఉంటే బ్యాటరీకి మారడానికి పట్టే సమయం ఎక్కువ, ఫ్యాన్లు లైట్లు తట్టుకుంటాయి కానీ కంప్యూటర్ తట్టుకోదు. స్విచ్చి యూపీఎస్ వైపు తిప్పాక మళ్లీ ఆ సమస్య రాలేదు. జబ్బు డిస్కు తిరుగుతూ తిరుగుతూ హఠాత్తుగా ఆగి మళ్లీ లేవడమంటే ప్రతిసారీ గండమే. మ్యాప్ ఫైలు ఉండబట్టి కాపీ మాత్రం ఆగినచోటే మొదలైంది.

మొదటి విడత ముగిశాక: వచ్చింది 496.3 జీబీ, మిగిలింది 3.8 జీబీ.
అంచులు కత్తిరించే విడత (పాడైన గుంపులను అంచుల నుంచి చదువుతూ రావడం) తర్వాత: వచ్చింది 499.2 జీబీ, మిగిలింది 905 ఎంబీ.

దశ 5: 905 ఎంబీలో మనకు కావలసింది ఎంత?

చాలామంది ఇక్కడ మైనస్ ఎన్ తీసేసి గీకుడు మొదలుపెడతారు. నేను ముందు ఒక లెక్క వేసుకున్నాను. పాడైన ఒక్కో సెక్టారు దగ్గర ఈ డిస్కు సుమారు మూడున్నర సెకన్లు తీసుకుంటోంది. సెక్టారుకు 512 బైట్లు. 905 ఎంబీ అంటే 17 లక్షలకు పైగా సెక్టార్లు. అందులో పదోవంతు నిజంగా పాడైనా దాదాపు ఏడు రోజులు రాత్రింబవళ్లు డిస్కును పీడించాలి. అంతవరకు అది బతకదు.

కానీ డిస్కు నిండా ఫైళ్లు లేవు. విండోస్ వాడే ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో బిట్‌మ్యాప్ అని దాగి ఉండే ఫైలు ఉంటుంది. 4 కేబీ ముక్కకు ఒక బిట్టు చొప్పున, ఏ ముక్క వాడుకలో ఉంది, ఏది ఖాళీ అని రాసి ఉంటుంది. 400 జీబీ డ్రైవుకు అది మొత్తం 12 ఎంబీ. అదృష్టం, అది మొదటి విడతలోనే చెక్కుచెదరకుండా వచ్చేసింది. డీడీఆర్‌యుటిలిటీ అనే పనిముట్ల సంచిలో, ఆ బిట్‌మ్యాప్‌ను చదివి డీడీరెస్క్యూకు అర్థమయ్యే మ్యాప్‌గా మార్చే ప్రోగ్రాం ఉంది. ఆ మ్యాప్‌ను మైనస్ ఎమ్‌తో ఇస్తే డీడీరెస్క్యూ ఆ హద్దులు దాటి పోదు.

డీ డ్రైవు ఒక్కదానికే చేద్దామనుకున్నాను. బాబాయితో మాట్లాడాక సీ డ్రైవుకు కూడా చేశాను. డీటీపీ వాళ్లు అర్జెంటు పనులన్నీ డెస్క్‌టాప్ మీదే పెట్టుకుంటారు, డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవులో.

వాడుకలో ఉన్నది: సీ 46 జీబీ, డీ 148 జీబీ.
మిగిలిన 905 ఎంబీలో వాడుకలో ఉన్న చోటు: 318 ఎంబీ.
ఖాళీ చోటు, జోలికి పోనిది: 587 ఎంబీ.

మూడింట రెండువంతుల శ్రమ ఈ ఒక్క మెట్టుతో తప్పింది. డైరీ మొత్తంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే దీన్నే గుర్తుంచుకోండి.

దశ 6: గీకుడు, వెనక నుంచి ముందుకు, ఆపడం

318 ఎంబీ మీద గీకుడు రాత్రంతా నడిచింది. తెల్లారి చూస్తే 6.1 ఎంబీ మిగిలింది, అంటే సుమారు 12 వేల సెక్టార్లు. సెక్టారుకు మూడున్నర సెకన్లు చొప్పున 12 గంటలకు దగ్గర, లెక్క సరిపోయింది.

తర్వాత మైనస్ ఆర్ పెద్దక్షరంతో వెనక నుంచి ముందుకు చదివించాను. ఒక పాడైన చోటుకు అటువైపు నుంచి వస్తే కొన్ని సెక్టార్లు దొరుకుతాయి. 6.1 నుంచి 3.8కి వచ్చింది, అనుకున్నదానికంటే ఎక్కువే. ఇంకో ప్రయత్నానికి 3.4కి దిగింది. ఆ విడతలోనే శబ్దం మారింది. గరగర పోయి, ఉండుండి ఒక టక్కు వినపడసాగింది. 197 అంకె 10 వేలు దాటి ఉంది. 0.4 ఎంబీ లాభానికి హెడ్డును పణంగా పెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. ఇంకా ముఖ్యమైనదేదైనా పోయిందని ఇమేజ్‌లో తేలితే, ఆ కొద్ది సెక్టార్ల కోసం వాడుకోవడానికి డిస్కులో కొంచెం ఊపిరి మిగలాలి. ఆపేశాను.

ఇప్పటిదాకా: వాడుకలో ఉన్న 194 జీబీలో రానిది 3.4 ఎంబీ.

దశ 7: ఖాళీగా కనపడిన ఫోల్డర్

ఇమేజ్‌కు ఒక కాపీ తీసి, రీడ్ ఓన్లీగా డ్రైవులా తగిలించాను. రెండు డ్రైవులూ తెరుచుకున్నాయి. బుక్స్ ఫోల్డర్ ఉంది, అందులో మాస్టారి పేరుతో ఫోల్డర్ ఉంది, దాంట్లో ఒక్క ఫైలూ లేదు.

బాబాయి పక్కనే ఉన్నాడు. "ఒరేయ్ అబ్బాయ్, అందులోనే పెట్టాను, నాకు బాగా గుర్తు" అన్నాడు.

ఆయన మాట నిజమే. ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైలు పేరు రెండుచోట్ల ఉంటుంది. ఒకటి ఫోల్డర్ తన దగ్గర పెట్టుకునే సూచిక, ఫోల్డర్ తెరిచినప్పుడు మనకు కనపడేది అదే. రెండోది ఎమ్ఎఫ్‌టీ అనే పెద్ద పట్టీలో ప్రతి ఫైలుకూ ఉండే 1 కేబీ రికార్డు. అందులో ఫైలు పేరు, అది ఏ ఫోల్డర్ బిడ్డ, డేటా ఏయే ముక్కల్లో ఉంది అన్నీ ఉంటాయి. సూచిక ఉన్న ముక్క పాడైన సెక్టార్లలో పడితే ఫోల్డర్ ఖాళీగా కనపడుతుంది, ఫైళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. చెక్‌డిస్క్‌ను పాత డిస్కు మీద పూర్తిగా నడవనిచ్చి ఉంటే ఇలాంటి చోటే భయం.

చాలామంది ఇక్కడ ఫోటోరెక్ నడుపుతారు. అది మంచి ప్రోగ్రామే, ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి పట్టుకుంటుంది, ఫైల్ సిస్టమ్ పూర్తిగా పోయినా పనిచేస్తుంది. కానీ పేర్లు రావు, సెక్టారు నంబరే పేరుగా వస్తుంది. ముక్కలుగా పడి ఉన్న ఫైళ్లు సరిగా కలవవు. పదిహేనేళ్ల శుభలేఖల మధ్య పేరులేని ఒక ఫైలు కోసం వెతకడం అయ్యే పని కాదు. దాన్ని చివరి దారిగా పెట్టుకుని, ఎమ్ఎఫ్‌టీ రికార్డులను ఒక్కొక్కటీ ఏరి చెట్టు మళ్లీ కట్టే రికుపెరాబిట్ అనే ప్రోగ్రాం నడిపాను. నిదానంగా చేస్తుంది, ర్యామ్ బాగా తింటుంది. ఫోల్డర్‌లో ఫైళ్లన్నీ పేర్లతో సహా వచ్చాయి. సామెతల పుస్తకం కూడా, 18.6 ఎంబీ.

ఇప్పటిదాకా: డీ డ్రైవులో బాబాయి పని ఫైళ్లు 24 వేల పైచిలుకు, అన్నీ పేర్లతో.

దశ 8: ఏ ఫైలు బాగుంది, ఏది లోపల తూటు పడింది?

పేరు, సైజు సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫైలు బాగున్నట్టు కాదు. రాని సెక్టార్లు ఇమేజ్‌లో సున్నాలుగా ఉంటాయి, మామూలు ఫైళ్లలో కూడా సున్నాలుంటాయి, తేడా తెలియదు. దీనికి డీడీరెస్క్యూలో ఫిల్ మోడ్ ఉంది. పాడైన చోట్లన్నిటా మనమిచ్చిన మాట నింపుతుంది. ఇమేజ్ కాపీ మీదే చేయాలి, అసలు ఇమేజ్ మీద కాదు.

1. ఒక చిన్న టెక్స్ట్ ఫైలులో యూనికోడ్ తెలుగులో "పాడు" అని రాశాను. యూటీఎఫ్-8లో 12 బైట్లు.
2. దాన్ని మూలంగా, ఇమేజ్ కాపీని గమ్యంగా ఇచ్చి, పాత మ్యాప్ ఫైలుతో ఫిల్ మోడ్ నడిపాను.
3. ఆ కాపీలోంచి ఫైళ్లు మళ్లీ బయటికి తీసి, "పాడుపాడుపాడు" ఉన్న ఫైళ్లను గ్రెప్ అనే వెతికే ఆదేశంతో వెతికాను.

తెలుగు మాట ఎందుకంటే, బాబాయి ఫైళ్లన్నీ అను ఫాంట్లవి, వాటిలో యూనికోడ్ తెలుగు ఉండదు కాబట్టి అసలు రాతతో కలిసిపోయే అవకాశం లేదు. ఒక్కసారి "పాడు" అని వెతికితే మాత్రం ఇంటర్నెట్ కాష్‌లోని తెలుగు వార్తల పేజీలు కూడా దొరికాయి. అందుకే మూడుసార్లు వరసగా ఉన్నవే తీసుకున్నాను.

దెబ్బతిన్నవి 61. విండోస్, ప్రోగ్రాములు, కాష్ కలిపి 38. బొమ్మలు 11. పేజ్‌మేకర్ 9. పీడీఎఫ్ 3.

తొమ్మిదింటిలో ఒకటి సామెతల పుస్తకం.

దశ 9: సామెతల పుస్తకం

పుస్తకం ఫైలులో రెండుచోట్ల తూటు ఉంది. ఒకచోట ఒక్క సెక్టారు. ఇంకోచోట వరసగా 8 సెక్టార్లు, 4,096 బైట్లు. పేజ్‌మేకర్‌లో తెరిస్తే డీటీపీ వాళ్లందరికీ పరిచయమైన "బ్యాడ్ రికార్డ్ ఇండెక్స్" వచ్చి మూసుకుపోయింది. ఆ ఒక్క సెక్టారు కోసం పాత డిస్కును మళ్లీ లేపి, సరిగ్గా ఆ చోటే చదివించి చూశాను. రాలేదు.

తర్వాతి ప్రయత్నం: కొత్త పబ్లికేషన్ తెరిచి, ప్లేస్ ఆదేశంలో పాడైన పేజ్‌మేకర్ ఫైలునే ఎంచుకోవడం. లోపలి స్టోరీల (విడివిడి రాత భాగాల) జాబితా చూపించి, కావలసినవి తెచ్చుకోనిస్తుంది. బాబాయి ఒక్కో అక్షరానికి ఒక్కో స్టోరీగా కంపోజ్ చేయడం ఇక్కడ కలిసొచ్చింది. అకారం నుంచి నకారం దాకా వచ్చాయి. బకారం నుంచి చివరిదాకా వచ్చాయి. పకారం ఎంచుకోగానే ప్రోగ్రాం ఆగిపోయింది. పుస్తకంలో పెద్ద విభాగం అదే.

పకారం కోసం ఫైలును బైట్లుగా తెరిచి వెతకాల్సి వచ్చింది. అను ఫాంట్లలో తెలుగు అక్షరం తెలుగుగా నిల్వ ఉండదు. తలకట్టు, కొమ్ము, ఒత్తు అన్నీ ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చున్న ముక్కలు. కాబట్టి యూనికోడ్‌లో "పెరటి చెట్టు" అని వెతికితే ఏమీ దొరకదు. బాబాయి చేత "పెరటి చెట్టు మందుకు రాదు" అని అనులో కొట్టించి, ఉత్త టెక్స్ట్‌గా సేవ్ చేయించి, ఆ బైట్లను హెక్స్ ఎడిటర్‌లో వెతికాను.

రెండుచోట్ల దొరికింది. ఒకటి తూటుకు దగ్గర్లో. ఇంకోటి అక్కడికి 6 ఎంబీ ముందు.

ఇది పేజ్‌మేకర్ సేవ్ చేసే తీరు వల్ల. సేవ్ నొక్కితే మార్పులను ఫైలు చివర చేర్చుకుంటూ పోతుంది, పాతది తుడిచేయదు. సేవ్ యాజ్ చేస్తేనే పాతది పోయి ఫైలు కుంచించుకుంటుంది. ఫైలు లావైపోతుందని డీటీపీ వాళ్లు సేవ్ యాజ్ చేస్తూ ఉంటారు. ఈ పుస్తకానికి బాబాయి ఇంకా చేయలేదు. ముందున్నది రెండో ప్రూఫ్ దిద్దకముందు పకారం.

కొత్తదాంట్లోంచి తూటుకు ముందు భాగం, తర్వాతి భాగం తీసుకుని, మధ్యలో 4,096 బైట్ల జాగాలో పాతదాంట్లోని అవే సామెతలను అతికాను. టెక్స్ట్ ఫైలుగా చేసి, పేజ్‌మేకర్‌లో తెచ్చి అను ఫాంట్ ఇస్తే అక్షరాలు నిలబడ్డాయి. అతికిన అంచుల దగ్గర రెండు ఒత్తులు చెదిరాయి, బాబాయి వెంటనే పట్టేశాడు. స్టైళ్లు, ఇండెంట్లు పోయాయి, మళ్లీ పెట్టుకోవాలి.

అతికిన భాగం దాదాపు రెండు పేజీలు. అందులో రెండో ప్రూఫ్ దిద్దుబాట్లు ఉండవు. ఆ రెండు పేజీలకు మాత్రం మూడో ప్రూఫ్ కాగితం చూసి దిద్దాలి. మాస్టారికి ఫోన్ చేస్తే, "312 పేజీలకు రెండు పేజీలంటే నేను సాయంత్రానికి చూసి పెడతాను బాబూ" అన్నారు.

దశ 10: అప్పగింత, లెక్క

మిగిలిన 8 పేజ్‌మేకర్ ఫైళ్లలో 5 తెరుచుకున్నాయి. 3 తెరుచుకోలేదు, వాటిలో రెండింటికి అచ్చు పుస్తకాలున్నాయి. మూడోది ఒక స్కూలు మ్యాగజైన్, దానికి పీడీఎఫ్ బాగానే ఉంది. బొమ్మల్లో 7 టిఫ్‌లకు అడ్డంగా ఒక చార పడింది, చారను పక్క రంగుతో సరిచేయొచ్చు. 4 జేపెగ్‌లు తూటు దగ్గర నుంచి కిందికి బూడిదరంగుగా మారాయి, అవి పోయినట్టే. పీడీఎఫ్‌లలో రెండు తెరుచుకున్నాయి.

ఇప్పుడు బాబాయి దగ్గర కొత్త డిస్కు ఉంది. దానికి రెండు కాపీలు. ఒకటి షాపులో, ఒకటి సత్యనారాయణపురంలో ఇంట్లో, పై అంతస్తు బీరువాలో. రోజూ షాపు కట్టేసేముందు ఆ రోజు మారిన ఫైళ్లు మాత్రమే కాపీ అయ్యేలా చిన్న బ్యాచ్ ఫైలు రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. పుస్తకాలకు ప్రతి ప్రూఫ్ తర్వాతా వేరే పేరుతో సేవ్ యాజ్ చేయమన్నాను, పాత ఫైలు తీసేయకుండా.

నెలకోసారి స్మార్ట్ అంకెలు చూడటం నా పని. 5, 197 వరసల్లో ఏదైనా సున్నా దాటితే ఆ డిస్కు మార్చేస్తాం.

పాత డిస్కును యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, మీద సీరియల్ నంబరు, "కరెంటు ఇవ్వవద్దు" అని రాశాను. ఇమేజ్, మ్యాప్ ఫైలు నా దగ్గర ఉన్నాయి. మాస్టారి పుస్తకం ట్రేసింగులు (అచ్చుకు పంపే కాగితాలు) వచ్చాక ఇమేజ్ తీసేసి ఆ 2 టీబీ డిస్కును ఖాళీ చేస్తాను.